ఒక్క శుభ్రమైన స్ట్రైకౌట్

మా బేస్‌బాల్ క్లబ్‌లో బార్ పక్కన గోడకు ఒక చెక్క బోర్డు ఉంది. క్లబ్ రికార్డులన్నీ దాని మీద బంగారు రంగు అక్షరాల్లో ఉంటాయి. పైనుంచి నాలుగో వరుస కొత్త పిచర్లది. బంతి విసరడం కొత్తగా మొదలుపెట్టినవాడు తన మొదటి మూడు మ్యాచ్‌లలో ఎన్ని స్ట్రైకౌట్లు చేశాడన్నది అక్కడ రాస్తారు. నేను చేరినప్పుడు ఆ వరుసలో ఇరవై ఎనిమిది అని ఉండేది. ఆ అంకె సాధించిన మనిషి నేను పుట్టకముందే ఆట మానేశాడని కోచ్ చెప్పాడు.

మూడు మ్యాచ్‌ల లెక్కే ఎందుకని అడిగాను. మూడు దాటితే ఎదుటి జట్లకు నీ చెయ్యి అర్థమైపోతుంది, ఆ తర్వాత కొలిచేది నిన్ను కాదు, నీ అనుభవాన్ని అన్నాడు. నాకు ఆ జవాబు నచ్చింది. కొలత ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అని ముందే తేల్చుకోవడం నా ఉద్యోగంలో కూడా మొదటి మెట్టు. లారీ బ్రేకులు తయారుచేసే ఫ్యాక్టరీలో కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయా లేదా అని పరీక్షించే గది నాది. కోచ్ అదే ఫ్యాక్టరీలో గోడౌన్ సూపర్‌వైజర్. అరవై దాటిన ఆస్ట్రేలియన్, మాట తక్కువ. ఒక చలికాలం వాళ్ళ క్లబ్‌లో అన్నిటికంటే కింది స్థాయిదైన ఆఖరి గ్రేడ్ జట్టుకు మనుషులు చాలక నన్ను పిలిచాడు. మెల్‌బోర్న్‌లో చలికాలం క్రికెట్ ఉండదు. నేను పొట్టివాణ్ణి, క్రికెట్‌లో వికెట్ కీపర్ని. అందుకని బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్‌గా కూర్చోబెట్టారు. మోకాళ్ళ మీద గొంతుక్కూర్చునే ఆ పని ఇంకెవరికీ అక్కర్లేదు కూడా.

ఆట తెలియనివాళ్ళకు అవసరమైనంత వరకు చెప్తాను. పిచర్ విసిరిన బంతి బ్యాటర్ మోకాళ్ళకీ ఛాతీకీ మధ్య ఎత్తులో, నేల మీద ఉన్న తెల్లటి పలక వెడల్పు దాటకుండా వెళ్తే, బ్యాటర్ కొట్టకపోయినా అది స్ట్రైక్. బ్యాట్ ఊపి తప్పినా స్ట్రైకే. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ ఔట్, దాన్ని స్ట్రైకౌట్ అంటారు. పిచర్, క్యాచర్ తప్ప ఫీల్డ్‌లో ఇంకెవరి చెయ్యీ పడకుండా వచ్చే ఔట్ అది. అందుకే దాన్ని పిచర్ సొంత ఆస్తిలా విడిగా లెక్కపెడతారు.

సొంతం అన్న మాట ఇక్కడ ముఖ్యం. ఎందుకో చెప్పాలంటే అతని గురించి చెప్పాలి.

మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో మేము అద్దెకున్న ఇంట్లో మూడో గది అతనిది. అనంతపురం జిల్లావాడు. మాస్టర్స్ అయిపోయాక చదువుకు తగిన పని దొరక్క, ఒక పార్శిల్ గోడౌన్‌లో ట్రక్కులు నింపే షిఫ్టులు చేసేవాడు. ఎండాకాలం ఆదివారాల్లో మా తెలుగువాళ్ళ క్రికెట్ జట్టులో బౌలింగ్ వేసేవాడు. బాగా వేగంగా వేసేవాడు. ఆ సీజన్‌లో అందరికంటే ఎక్కువ వికెట్లు అతనివే.

ఆ జట్టు కెప్టెన్ కరీంనగర్ వైపు నుంచి వచ్చి చాలా ఏళ్ళయినవాడు. ఐటీ ఉద్యోగం, సిటిజెన్‌షిప్, సొంత ఇల్లు. గ్రౌండ్ బుక్ చేసేది ఆయనే, కిట్ ఆయనదే, వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్ ఆయనే. సీజన్ చివరికొచ్చాక ఒక ఆదివారం అతని బౌలింగ్‌ని పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీశాడు. దాన్ని నెమ్మదిగా నడిపి, మోచేతి మీద ఎర్ర గీతలు గీసి గ్రూపులో పెట్టాడు. మోచెయ్యి వంగి ఉండి, బంతి వదిలే ముందు నిటారు అవుతోంది. అంటే బౌలింగ్ కాదు, విసరడం. త్రో.

గ్రౌండ్‌లో అందరి ముందూ అడిగాడు.

"ఏంరా, ఇది బౌలింగా, మీ ఊళ్ళ పందులను కొట్టుడా?"

వేరుశెనగ చేలో అడవిపందుల మీద రాళ్ళు విసిరేవాణ్ణని అతనే ఒకసారి బార్బెక్యూ దగ్గర సరదాగా చెప్పాడు. అది ఇలా తిరిగొచ్చింది. అందరూ నవ్వారు.

"లేదన్నా, నాకు చిన్నప్పట్నుంచీ చెయ్యి అట్లే వస్తాది," అన్నాడతను.

"నీకెట్ల వస్తే మాకేంది? రూల్ రూలే. చూడు, గీతలు గీసిన."

"నేర్చుకుంటాన్నా. మార్చుకుంటా."

"నేర్చుకో, ఎవరొద్దన్నరు? మా టీంల కాదు. ఇన్ని రోజులు దొంగ వికెట్లు తీసుకుంట తిరిగినవ్."

అంతటితో ఆగలేదు. సీజన్ మొత్తంలో అతను తీసిన వికెట్లన్నీ రద్దు చేసి, ఆ పట్టిక మళ్ళీ గ్రూపులో పెట్టాడు. అతని పేరు ఎదురుగా సున్నా. కింద ముప్పై మంది దాకా నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. ఆ తర్వాత అతన్ని గ్రూపులోంచి తీసేశాడు. నేను నిబంధనలు తెరిచి చూశాను. అంపైర్ నో బాల్ ఇవ్వాలంటే ఆ బంతికే ఇవ్వాలి. ఆరు నెలలు వెనక్కి వెళ్ళి ఇచ్చే నిబంధన ఎక్కడా లేదు. అది కెప్టెన్‌కి రాస్తే, "సార్ వచ్చిండు, లేచి నిలబడుండ్రి," అని జవాబు పెట్టాడు. దాని కింద కూడా నవ్వే బొమ్మలే.

ఆ వారం అతను వంటింట్లో గిన్నెలు కడుగుతూ నాతో అన్నాడు. "వికెట్లు తీసేస్తే తీసేయనీన్నా. దొంగ అని ఎందుకనాల? నేనేం ఎత్తుకపోయినా?"

అప్పుడే బేస్‌బాల్ సంగతి చెప్పాను. అక్కడ విసరడమే పని, మోచెయ్యి ఎంత వంగితే అంత మంచిది, ఎవరూ గీతలు గీయరు అని. నమ్మలేదు. తర్వాతి శనివారం ప్రాక్టీసుకు తీసుకెళ్ళాను. అతను విసిరిన మొదటి పది బంతుల్లో నాలుగు నా తల మీదుగా పోయాయి. మిగతావి పట్టినప్పుడు అంత మందం గ్లవ్‌లో కూడా అరచెయ్యి మంట పుట్టింది. కోచ్ చేతిలో టీ కప్పు పట్టుకుని దూరంగా నిలబడి చూశాడు. టీ తాగలేదు. చివరికి నా దగ్గరికొచ్చి, ఇతన్ని ఇన్నాళ్ళు ఎక్కడ దాచావు మేట్ అన్నాడు.

మొదటి మ్యాచ్‌లో తొమ్మిది స్ట్రైకౌట్లు. రెండో మ్యాచ్‌లో పదకొండు. ఆఖరి గ్రేడ్ బ్యాటర్లు గొప్పవాళ్ళేం కారు. ఒకడు ప్లంబర్, ఒకడు రిటైరైన స్కూల్ టీచర్, ఒకడికి నా కళ్ళద్దాలకంటే మందం అద్దాలు. అయినా వాళ్ళ మీదే కదా గోడ మీది ఇరవై ఎనిమిది కూడా వచ్చింది. మా క్లబ్‌లో ఒక అలవాటు ఉంది. మన పిచర్ స్ట్రైకౌట్ చేసినప్పుడల్లా బెంచి మీదున్నవాళ్ళు కంచె తీగకు ఒక ప్లాస్టిక్ గ్లాసు తగిలిస్తారు. రెండో మ్యాచ్ చివర కంచెకు వరసగా గ్లాసులు గాలికి ఊగుతుంటే అతను వాటి ముందు నిలబడి చాలాసేపు చూశాడు. "ఇవి ఎవరూ తీసేయలేరు గదన్నా?" అని అడిగాడు. "ఇవి బారువాళ్ళు కడిగి మళ్ళీ వాడతార్రా. గోడ మీద బోర్డుకెక్కింది మాత్రం ఎవరూ తీయరు," అన్నాను.

ఆ తర్వాతి సోమవారం అతను ఎడమచేత్తో కెటిల్ ఎత్తడం చూశాను. మంగళవారం కుడిచేత్తో జుట్టు దువ్వుకోలేకపోయాడు. మోచెయ్యి లోపలి వైపు వాచి ఉంది, ముట్టుకుంటే వేడి. నేను అతనికి విషయం వివరంగా చెప్పాను. వాపు తగ్గకుండా విసిరితే లోపలున్న నరంలాంటి కట్టు తెగుతుంది. మొదటి మూడు మ్యాచ్‌లు అంటే వరసగా మూడు వారాలు కానక్కర్లేదు, నెల ఆగి ఆడినా అది నీ మూడో మ్యాచే. కోచ్‌ని అడిగి మరీ తెలుసుకున్నాను.

"నెల వద్దన్నా. ఈ శనివారం ఆయన వస్తాండాడు."

ఆయనంటే కెప్టెన్. ఎదుటి జట్టులో ఆయన ఆఫీసు కొలీగ్ ఒకడు ఆడతాడు. వాళ్ళకూ మనుషులు తక్కువే. అతని రికార్డు సంగతి ఎవరో గ్రూపులో చెబితే, కెప్టెన్ తానే పేరిచ్చి ఆ ఒక్క మ్యాచ్‌కి చేరాడు. "ఇరవై ఏండ్ల సంది బ్యాటు పట్టుకున్నోన్ని. వాని రికార్డ్ నా మీదికెళ్ళి ఎట్లస్తదో చూస్త," అని గ్రూపులో రాశాడు. నేనింకా గ్రూపులోనే ఉన్నాను. అతను నా ఫోన్‌లో అది చదివాడు.

"చదివినావు కదా. అందుకే ఆగు," అన్నాను.

"ఆగితే పారిపోయినాడంటారు."

"అంటే అననీ."

"నిన్ను అన్లేదు కదన్నా, నన్నన్నారు," అన్నాడు.

శనివారం మధ్యాహ్నం దక్షిణం గాలి వీచింది. ఇక్కడ చలి తెచ్చేది ఆ గాలే, ఒంట్లో ఎముకలు తెలిసే చలి. కోచ్ అతని మోచెయ్యి చూసి, ఐదు ఇన్నింగ్స్, అంతే, తర్వాత దించేస్తానన్నాడు. ఈ ఆటలో మూడు ఔట్లు పడితే ఒక ఇన్నింగ్స్ అయినట్టు. రికార్డు దాటాలంటే తొమ్మిది స్ట్రైకౌట్లు కావాలి. మా క్లబ్‌వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. బార్‌లోంచి కూడా జనం బయటికొచ్చి కంచె దగ్గర నిలబడ్డారు. వాళ్ళకు కొంచెం దూరంగా క్రికెట్ జట్టువాళ్ళు నలుగురు జాకెట్లు తొడుక్కుని, చేతుల్లో సమోసాలతో నిలబడ్డారు.

కెప్టెన్ చివరి బ్యాటర్. మూడో ఇన్నింగ్స్‌లో వచ్చాడు. బ్యాటర్‌కి వెనక రెండడుగుల దూరంలో నేను కూర్చుని ఉంటాను కాబట్టి ఆయన మాటలన్నీ నాకోసమే.

"ఏం కీపర్ సాబ్, మంచిగున్నవా? మీవోని చెయ్యి వాచిందట గద. ఐస్ పెట్టలేదా?"

"బాల్ చూడండి," అన్నాను.

రెండో బంతికి ఆయన బ్యాట్ అంచు తగిలి నేల మీద దొర్లుకుంటూ ఫీల్డర్ దగ్గరికి పోయింది. ఔటే, కానీ స్ట్రైకౌట్ కాదు. తిరిగి పోతూ స్నేహితుల వైపు బ్యాట్ ఎత్తి చూపించాడు, యాభై కొట్టినవాడిలా.

ఐదో ఇన్నింగ్స్ అయ్యేసరికి కంచెకు ఎనిమిది గ్లాసులున్నాయి. గోడ మీది అంకెతో సమానం. అతను బెంచి మీద కూర్చుని కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. నీళ్ళ సీసా ఎడమచేత్తోనే అందుకున్నాడు. కోచ్ వచ్చి చూసి, చాలు అన్నాడు. జట్టంతా ఒక్కసారిగా అరిచింది. ఒక్క ఇన్నింగ్స్, ఒక్కటే అని బతిమాలారు. కోచ్ నన్ను చూశాడు. వాపు పొద్దుటికంటే ఎక్కువైందని చెప్పాను. అతను లేచి, ఐయామ్ గుడ్, మేట్, ఐయామ్ గుడ్ అని కోచ్ భుజం తట్టి మైదానంలోకి నడిచాడు. కోచ్ పిలవలేదు.

ఆరో ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్ గాల్లోకి కొట్టి క్యాచ్ ఇచ్చాడు. రెండోవాడు కెప్టెన్.

ఈసారి ఆయన నవ్వడం లేదు. మొదటి బంతికి బ్యాట్ ఊపి తప్పాడు. రెండో బంతికీ తప్పాడు. రెండు స్ట్రైకులు. కంచె దగ్గర అందరూ లేచారు. కెప్టెన్ పక్కకు జరిగి, బూటుతో నేల తవ్వి, నాతో అన్నాడు.

"నేను రూల్ చదువుకొని వచ్చిన, కీపర్ సాబ్. రెండు స్ట్రైకుల తర్వాత ఫౌల్ కొడితే ఔట్ లేదు. గంతే గద? పొద్దుగూకేదాక ఫౌల్ కొడుత ఉంట. వాని చెయ్యి ఊడి చేతిలకొస్తది."

ఆయన చదివింది నిజమే. రెండు స్ట్రైకులున్నప్పుడు గట్టిగా కొట్టిన బంతి గీతకు బయటికి పోతే ఔట్ లేదు. కానీ కెప్టెన్ కొట్టదలుచుకోలేదు. ఇరవై ఏళ్ళ క్రికెట్ ఆయన కాళ్ళలో ఉంది. ప్రాణం మీదికొస్తే క్రికెటర్ చేసే పని ఒక్కటే, ముందు కాలు వేసి నిటారుగా బ్యాట్ అడ్డం పెట్టడం. బంతి వచ్చింది. కెప్టెన్ కాలు ముందుకు వేసి, మోచెయ్యి ఎత్తి, క్రికెట్ నేర్పే పుస్తకంలో బొమ్మలా అడ్డుకున్నాడు. బంతి బ్యాట్‌కి తగిలి చప్పుడు లేకుండా కిందపడి, గీత దాటి బయటికి దొర్లింది. కెప్టెన్ స్నేహితుల వైపు తిరిగి తల ఆడించాడు.

అంపైర్ పిడికిలి ఎత్తాడు. ఔట్.

ఊపకుండా బ్యాట్ అడ్డం పెట్టి ఆడటాన్ని బంట్ అంటారు. రెండు స్ట్రైకులున్నప్పుడు బంట్ చేసిన బంతి గీతకు బయట పడితే అదే మూడో స్ట్రైక్. సరిగ్గా ఇలా అడ్డుకుంటూ కూర్చునేవాళ్ళ కోసమే పెట్టిన నిబంధన. అది స్ట్రైకౌట్‌గానే, పిచర్ ఖాతాలోనే రాస్తారు. ఇరవై తొమ్మిది. క్లబ్ మొత్తం ఒక్క అరుపు అరిచింది. ఎవరో తొమ్మిదో గ్లాసు తగిలించారు.

"ఔటా? బ్యాటుకు తాకింది గద!" కెప్టెన్ అంపైర్ మీదికి పోయాడు. అంపైర్ ఓపికగా రెండుసార్లు చెప్పాడు. కెప్టెన్ కదల్లేదు. మూడోసారి చెప్పాక పిచర్ వైపు తిరిగి తెలుగులో అరిచాడు.

"నువ్వేం పీకినవ్‌రా? నా బ్యాటుకు తాకిన బాలుకు నీకు రికార్డా? ఆడ దొంగ వికెట్లే, ఈడ దొంగ వికెట్టే! థూ, నీ బతుకే దొంగ బతుకు!"

కంచె దగ్గర నలుగురూ పగలబడి నవ్వారు. మా క్లబ్ వాళ్ళు చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఒకాయన అతని పేరు పట్టి పాడుతున్నాడు. ఆ చప్పట్ల మధ్య ఆ మాటలు అర్థమైంది ఆరుగురికి. ఆ నలుగురికి, నాకు, అతనికి.

కోచ్ మైదానంలోకి వచ్చి చెయ్యి చాచాడు. అయిపోయింది, రికార్డు నీదే, ఇక దిగు అని. నేను కూడా ముసుగు తీసి దగ్గరికెళ్ళాను. అతను కోచ్ చెయ్యి పట్టుకోలేదు. బంతి గ్లవ్‌లో తిప్పుతూ, నా వైపు చూశాడు.

"ఒక్కడున్నాడన్నా. ఈ ఒక్కణ్ణి చేసి దిగుతా."

"రికార్డు దాటేశావురా. నిబంధన ప్రకారం అది నీదే."

"నిబంధన నీకు. శుభ్రమైనదొకటి కావాల నాకు. బ్యాటు తాకనిది, ఎవడూ నోరెత్తకుండేది. ఒక్కటి."

"చెయ్యి చూశావా?"

"నా చెయ్యే కదన్నా."

కోచ్‌కి ఇంగ్లీషులో చెప్పాను, చెయ్యి బాగాలేదు, దించండి అని. అతను, వన్ బ్యాటర్, ప్లీజ్, వన్, అన్నాడు. ఇంకొక్క ఔట్‌తో ఇన్నింగ్స్ ఎలాగూ అయిపోతుంది. కోచ్ అతని మొహం చూసి, సరే, ఒక్కడు అని వెనక్కి నడిచాడు. ఆ క్షణంలో ఎవరున్నా అదే చేసేవాళ్ళేమో. నాకు తెలియదు.

వచ్చినవాడు నేను ముందు చెప్పిన మందం కళ్ళద్దాల మనిషి. మొదటి బంతి దూరంగా పోయింది. రెండోది ఊపి తప్పాడు. మూడోదీ అంతే. నాలుగోది మళ్ళీ దూరంగా పోయింది, అది విసిరాక అతను మోచెయ్యి పట్టుకుని వంగాడు. అంపైర్ ఆట ఆపబోతే చెయ్యి అడ్డంగా ఊపి లేచాడు. తర్వాతి బంతికి నేను నెమ్మదిగా విసరమని సంజ్ఞ చేశాను. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చేశాను. మళ్ళీ ఊపాడు. ఆ బ్యాటర్‌కి నెమ్మది బంతి చాలు. కానీ అతను విసురుతున్నది ఆ బ్యాటర్‌కి కాదు.

అంత వేగం అతను అంతకుముందు ఎప్పుడూ వేయలేదు. చెయ్యి ముందుకొచ్చినప్పుడు, ఎండిన కొమ్మ తుంచినట్టు ఒక చిన్న చప్పుడు నాకు వినిపించింది, అతనికీ నాకూ మధ్య అంత దూరం ఉండగా. బంతి పలక మీదుగా కాకుండా బయటి అంచు పక్కనుంచి వచ్చింది. బ్యాటర్ కదల్లేదు. నేను పట్టాను. పట్టిన ఊపులోనే గ్లవ్‌ని లోపలికి లాగి, పలక అంచు మీద కదలకుండా ఆపాను. ప్రతి క్యాచర్ ప్రతి బంతికీ చేసే పని అది. అంపైర్ కన్ను గ్లవ్ ఆగిన చోట ఆగుతుంది. క్యాచర్‌కి మొదట నేర్పే విద్యే అది, తప్పేం కాదు.

స్ట్రైక్ త్రీ అని అంపైర్ అరిచాడు. అప్పటికే అతను మోకాళ్ళ మీద ఉన్నాడు. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది, తనది కానట్టు.

కంచె దగ్గరనుంచి కెప్టెన్ గొంతు వినిపించింది. "యాక్టింగ్‌రా. ఆస్కార్ ఇయ్యుండ్రి."

బెంచి మీద కూర్చోబెట్టి ఐసు కట్టాం. పదో గ్లాసు తగిలించారు. కోచ్ కట్టు చుట్టాడు. నేను కారు తాళాలు వెతుక్కుంటుండగా క్రికెట్ జట్టువాళ్ళు నలుగురూ, వెనక కెప్టెనూ వచ్చారు. క్షమాపణ అనుకున్నాను. ఫోటో కోసం.

"మనోడు తెలుగోడు, ఆస్ట్రేలియాల రికార్డ్ కొట్టిండు. గ్రూపుల పెట్టాలె," అన్నాడొకడు.

"నవ్వురా జర. ఎవరన్న చచ్చిండ్రా?" అన్నాడు కెప్టెన్. బంతి ఒకటి తెచ్చి అతని కుడిచేతిలో పెట్టాడు. వేళ్ళు మూసుకోలేదు. బంతి జారి నేల మీద పడింది. కెప్టెన్ వంగి తీసి, దులిపి, ఎడమచేతిలో పెట్టాడు. "ఎడమ అయితేంది, ఫోటోల ఎవడు చూస్తడు?" అతని భుజం చుట్టూ చెయ్యి వేసి నిలబడ్డాడు. అతను చెయ్యి తీసేయమనలేదు. ఫోటోలో ఆరుగురున్నారు, ఐదుగురు నవ్వుతున్నారు. ఆ సాయంత్రం గ్రూపులో పెట్టి "మా బౌలర్" అని రాశారు. అతను అప్పటికీ గ్రూపులో లేడు.

బోర్డు మీద నాలుగో వరుసలో ఇప్పుడు ముప్పై అని ఉంది. అతను దాన్ని చూడలేదు. ఆపరేషన్ అయింది, చెయ్యి కొంతవరకే వచ్చింది. ట్రక్కులు నింపలేని మనిషికి గోడౌన్‌వాళ్ళు షిఫ్టులు ఇవ్వడం మానేశారు. రెండు నెలలు గదిలో కూర్చున్నాడు. తర్వాత సిడ్నీలో స్కోఫీల్డ్స్‌లో ఉన్న వాళ్ళ పిన్ని ఇంటికి వెళ్ళిపోయాడు. నా మెసేజీలకు నీలం గుర్తులు పడతాయి, జవాబు రాదు. ఎందుకో నాకు తెలుసు. దానికి కారణం ఆ శనివారం ఆసుపత్రికి వెళ్ళే దారిలో జరిగింది.

కారులో అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఐసు కరిగి నీళ్ళు ప్యాంటు మీద కారుతున్నాయి. నొప్పి ఎలా ఉందని అడిగాను. నొప్పి లేదన్నాడు. అది మంచి లక్షణం కాదని నాకు తెలుసు, చెప్పలేదు. సిగ్నల్ దగ్గర ఆగాం.

"చివరిది స్ట్రైకేనా అన్నా?"

"అంపైర్ ఇచ్చాడు కదరా."

"అంపైర్ మాట కాదు. వాడు నీ వెనకుండాడు, నువ్వు ముందుండావు. పట్టింది నువ్వు. నీకు తెలుస్తాది."

ఆకుపచ్చ లైటు పడింది. నేను కారు కదిపాను. స్ట్రైక్ అంటే అంపైర్ స్ట్రైక్ అన్నది. ఆ నిర్వచనం ప్రకారం అవునని చెప్పొచ్చు, అది అబద్ధం కూడా కాదు. కానీ అతను అడిగింది నిర్వచనం కాదు. బంతి ఎక్కణ్ణుంచి పోయిందని అడిగాడు. అది ఎక్కణ్ణుంచి పోయిందో ఈ భూమి మీద సరిగ్గా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"రెండంగుళాలు బయట," అన్నాను. "కొంచెం ఎక్కువే ఉండొచ్చు. నేను గ్లవ్ లోపలికి లాగాను."

తర్వాతి సిగ్నల్ కూడా దాటాం.

"లాగినావా," అన్నాడు.

"క్యాచర్లందరూ లాగుతారు. అన్ని బంతులకీ లాగుతారు. అది ఆటలో భాగం."

"అన్ని బంతులకీ?"

"అంచుల్లో వచ్చేవాటికి."

"ముందు మ్యాచ్‌లలో కూడానా?"

"కొన్నిటికి."

"ఎన్నిటికన్నా?"

ఆ ప్రశ్నకు కూడా నా దగ్గర అంకె ఉంది. ఆట అయ్యాక అలాంటివన్నీ గుర్తు చేసుకోవడం నా అలవాటు. కానీ అతనే చెయ్యెత్తి, ఎడమ చెయ్యి, వద్దన్నట్టు ఊపాడు. నేను ఆగిపోయాను.

"దొంగ వికెట్టని ఆయన తెలీకుండానే సరిగ్గా చెప్పినాడు," అన్నాడు, నవ్వినట్టే అన్నాడు. "నువ్వు అవుననింటే అయిపోతుండె కదన్నా. ఒక్క ముక్క. స్ట్రైకేరా అనింటే."

"నువ్వు అడిగావు."

"అడిగినా. అడిగినా కదా."

ఎమర్జెన్సీ ముందు కారు ఆపి, దిగి, అటువైపు వెళ్ళి తలుపు తీశాను. సీటు బెల్టు బొత్తాం అతని కుడి తుంటి దగ్గరుంది. కుడిచెయ్యి పనిచేయదు, ఎడమచెయ్యి దాని మీదుగా అంత దూరం వంగదు. నేను లోపలికి వంగబోయాను.

"ముట్టుకోవద్దు," అన్నాడు.

వెనక అంబులెన్స్ వచ్చి ఆగి, జరగమని హారన్ కొట్టింది. అతను పళ్ళు బిగించి ఎడమచేతి వేళ్ళతో బొత్తాం కోసం తడుముతున్నాడు. వేళ్ళు రెండంగుళాల ఇవతలే ఆగిపోతున్నాయి. వర్షం మొదలైంది. నేను తలుపు పట్టుకుని ఆ వర్షంలోనే నిలబడ్డాను.